నలభై రెండు సెకన్లు

తాల్కావానో రేవుకి వెనక,
చేపపొడి మిల్లు వాసన గోడ దూకి వచ్చే చోట
మా గిడ్డంగి.
సిమెంటు, సున్నం, పైన్ దూలాలు, రేకులు,
ఎవరూ అడగని ఆకుపచ్చ పింగాణీ పలకలు రెండు పేర్పులు.

ఆ వేసవి కొండల మీద ఇళ్ళు కాలాయి.
చీటీలు మూడింతలయ్యాయి.
మెడలో స్టాప్‌వాచీ వేలాడదీసి నన్ను పంపారు:
"సరుకు ఏరే పద్ధతి ఏదో ఒకటి తేల్చు, యరీత్సా.
నెల గడువు."

నేనొచ్చేసరికి ఉన్నది ఒకటే పద్ధతి.
ఒక చీటీ, ఒక మనిషి, ఒక తోపుడుబండి.
నిబాల్దో చీటీని మొదలంటా చదివి
మడిచి టోపీలో దోపుకుంటాడు, ఇక చూడడు.
బరువు అడుగున, పెళుసు పైన,
అద్దం అన్నిటికన్నా ఆఖర.
వెనకే నడిచి కొలిచాను:
ఒక్క చీటీకి కిలోమీటరు మీద నూట నలభై మీటర్లు,
అందులో సగం ఖాళీ బండి కిర్రుమనే నడక.

"కాళ్ళు నావే కదా" అన్నాడు.
"జీతం కంపెనీది" అన్నాను.
అన్నాక, ఆ రోజంతా నా బూట్లు నన్నే కరిచాయి.

రెండో వారం గుంపు పద్ధతి.
ఇరవై చీటీల మేకులు ఒక్క విడతలో తెచ్చి
బల్ల మీద పంచుకోవడం.
మేకులకి బాగుంది. బందులకి, గొళ్ళేలకి బాగుంది.
సిమెంటు దగ్గర బెడిసింది.
తెచ్చి దింపి, పంచి మళ్ళీ ఎత్తి
సాయంత్రానికి ఎలియానిరా నడుం పట్టుకుని కూలబడింది:
"రెండుసార్లు ఎత్తిన బస్తా రెండు బస్తాలమ్మా."
ఆ మాట నివేదికలో ఉన్నదున్నట్టు దించాను.
నెలంతటికీ నేను రాసిన మంచి వాక్యం అదొక్కటే,
అదీ నాది కాదు.

మూడో వారం నేల మీద పసుపు గీతలు.
కలప రోసామెల్‌ది, రంగులు ఎలియానిరావి,
ఎవరి హద్దులో వాళ్ళు, చీటీ ముక్కలై అందరికీ.
నడక మూడోవంతుకి పడిపోయింది.
మాటలు కూడా.
మధ్యాహ్నం రొట్టె విరిచి అవతలికి ఇవ్వబోయి
రోసామెల్ గీత దగ్గర ఆగి
నా వైపు చూశాడు.

నాలుగోది, లారీల వేళని బట్టి విడతలుగా ఏరడం.
పుస్తకంలో దాని పేరు అల.
బోర్డు మీద రాశాను: మొదటి అల, ఎనిమిదింటికి.
ఎవరూ ఏమీ అనలేదు.
నిబాల్దో లేచి వచ్చి
చేతిగుడ్డతో ఆ మాటొక్కటీ తుడిచాడు.
తర్వాత చూపించారు:
తొమ్మిదో వరుస స్తంభం మీద, నా తలకి మూరెడు పైన
ఉప్పునీళ్ళు వదిలిపోయిన మట్టిరంగు చార.
ఇప్పుడు బోర్డు మీద 'ఎనిమిదింటి లారీ' అనే ఉంటుంది.

నిబాల్దోని గేటు దగ్గర కూర్చోబెట్టాను.
నెమ్మది మనిషి, అక్కడైతే ఎవరికీ అడ్డం రాడని.

ఆఖరి శుక్రవారం. లారీ ఇంజను ఆన్‌లో ఉంది.
రేకులు పద్నాలుగు, దూలాలు ఆరు, తలుపు ఒకటి, గడియ ఒకటి.
అన్ని హద్దుల్లోనూ టిక్కు పడింది, తప్పు పట్టడానికేం లేదు.
నిబాల్దో చీటీని మొదలంటా చదివాడు.
టోపీలో పెట్టుకోలేదు.
"రేకులున్నాయి. రబ్బరు బిళ్ళల మేకులేవి?"

ఫోను చేశాం. అవతల ఒక రొట్టెల భట్టీ మనిషి,
పిండి చేతులతోనే ఎత్తినట్టున్నాడు.
"ఇల్లు కట్టడం నాకిదే మొదలు" అన్నాడు.
"కొండ మీద గాలి సంగతి తెలుసు.
మేకుల సంగతి తోచలేదు."

మేం నలుగురం అతని ఇంటిని నాలుగు ముక్కలుగా
ఏ లోపమూ లేకుండా ఏరి పెట్టాం.
అందులో కప్పు నిలవదని ఎవరికీ కనబడలేదు.

నివేదిక పంపాను.
చిన్నవి గుంపుగా. బరువైనవి ఉన్నచోటి నుంచి నేరుగా లారీలోకి.
హద్దులు సరే, గీత దాటి రొట్టె ఇచ్చుకోవచ్చు.
గేటు దగ్గర ఒకరు
ప్రతి చీటీనీ తల నుంచి తోక దాకా చదవాలి.

శాంటియాగో నుంచి ఒకే ప్రశ్న వచ్చింది:
చదవడానికి ఎన్ని సెకన్లు?

నలభై రెండు అని రాశాను.
ఆ రోజు వాచీ నొక్కడం మరిచిపోయాను.